మొసలి రాని కథ

బస్సు నంద్యాల దాటి, రోడ్డు పక్క వడ్లమిల్లుల తవుడు వాసన కిటికీలోంచి మొహానికి కొట్టేదాకా నా మోకాళ్ళు నావి కావు. ఇప్పుడు తిరిగొచ్చాయి. ఎటో మేతకు పోయి కొట్టం చేరిన ఎద్దుల జతలాగా వచ్చి వాటి చోట అవి నిలబడ్డాయి. చేత్తో తట్టి చూసుకున్నాను, వణుకు లేదు. పొద్దున ఇదే రోడ్డు మీద అటు పోయేటప్పుడు ఇవి రెండూ టకటకమని కొట్టుకుంటుంటే పక్కన కూర్చున్నాయన బస్సుకే ఏదో అయిందనుకుని డ్రైవరును కేకేశాడు. కాదు, అబద్ధం, పొద్దున నా పక్కన ఎవరూ కూర్చోలేదు. చూశారా, నాలో నేను అనుకునేటప్పుడు కూడా ఒక మనిషిని అదనంగా ఎక్కిస్తాను, టికెట్టు లేకుండా. ఎక్కనీ. ఈ పూట ఎంతమందినైనా ఎక్కనీ. అయిపోయింది. మా పిల్ల దొంగ కాదని తేలిపోయింది. ఈ ఒక్క మాటను బెల్లంముక్కలాగా బుగ్గన పెట్టుకుని ఆళ్ళగడ్డ దాకా చప్పరిస్తూ పోవచ్చు. గంట ప్రయాణం. కరిగేదీ కాదు, ఎవరూ లాక్కునేదీ కాదు.

మా పిల్లంటే నా కొడుకు మహీధర్ బిడ్డ, లహరి. సముద్రంలో పుట్టే విషాల మీద దాని చదువు. మాది నల్లరేగడి నేల, వడ్లూ సెనగలూ పండేది, మా ఇంట్లో పుట్టినవాళ్ళెవరికైనా ఉప్పు అంటే అంగట్లో దొరికేదే గానీ నీళ్ళలో ఉండేది కాదు. అలాంటి ఇంట్లోంచి ఈ పిల్ల పోయి పడవలెక్కి సీసాలకు సముద్రం పట్టుకుంటుంది. టీ అంగడి బల్ల మీద కూర్చుంటే అడుగుతారు, ఏమప్పా శేషయ్యా, నీ మనవరాలు ఆడ ఏం పని చేస్తాండాదీ అని. చేపలకు చక్కిలిగింతలు పెడతాండాది అంటాను. నవ్వీ నవ్వీ అవి విషం కక్కుతాయి, కింద గిన్నె పెట్టి పడుతుంది, మనం గేదె కింద కూర్చున్నట్టే. బల్లంతా నవ్వుతుంది, టీలు ఇంకో దఫా వస్తాయి. అసలు సంగతి అది నాకు నాలుగైదుసార్లు విడమరచి చెప్పింది, నాకు తెలుసు, తెలిసిందే చెప్తే ఎవరు నవ్వుతారు? సముద్రంలో కంటికి కనపడని పాచి ఉంటుందట. ఒక్కోసారి అది విరగబుట్టి నీళ్ళు ఎర్రబారతాయట. ఆల్చిప్పలు ఆ నీళ్ళు తాగి వదుల్తూ ఉంటే విషమంతా వాటి కడుపులో చేరుతుంది. ఆల్చిప్పకేమీ కాదు. తిన్న మనిషికి ముందు పెదవులు మొద్దుబారతాయి, తర్వాత వేళ్ళు, తర్వాత ఊపిరి. ఉడకబెట్టినా పోదట. ఆ మాట విన్నప్పటినుంచి నా భార్య కమలాక్షమ్మ కాలవ చేపను కూడా గడప తొక్కనీయలేదు. సముద్రం పాచికీ మన కాలవకూ ఏం సంబంధమే అంటే, నీళ్ళన్నీ ఒకదానికొకటి తెలిసినవే గదప్పా అంటుంది. ఆ మాట పిల్లకు చెప్తే, జేజికి నాకన్నా బాగా అర్థమైంది అని నవ్వింది.

దాని లోకంలో పంటంటే పేపర్లు. కనిపెట్టింది రాసి పంపాలి. మొహం తెలియని పెద్దవాళ్ళు దాన్ని చాటలో పోసి చెరిగి, ఇక్కడ రాయి, ఇక్కడ మట్టిగడ్డ అని ఏరి తిప్పి పంపుతారు. మళ్ళీ రాయాలి. ఆఖరికి సరేనంటే అచ్చవుతుంది. ఒక్క పేపరు అచ్చయ్యేలోపల మా పొలంలో రెండు పంటలు ఇంటికొచ్చేవి. ఏ పేపరు అచ్చయినా ఇంటికొచ్చినప్పుడు ఫోనులో తెరిచి మాకు తెలుగులో చెప్పేది. తొలిది ఆల్చిప్పల మీద. తర్వాతది ఒక చేప మీద, కోపమొస్తే బంతిలాగా ఉబ్బుతుందట, అచ్చం మా వియ్యంకుడు. తర్వాత ఎర్రనీళ్ళు ఏ కాలంలో ఎక్కడ వస్తాయో దాని మీద. ఆ తర్వాత కొంతకాలం ఏమీ లేదు. ఆ తర్వాత మొదలైనవన్నీ వేరే రకం, ఆ విషం నీళ్ళలో ఎంతకాలం బతుకుతుంది, ఎండకు ఎట్లా విరుగుతుంది, ఇసుకలో ఎంత ఇంకుతుంది, ఇట్లా. నాకవే ఇష్టం. విషం ఎట్లా చేరిందో చెప్పేదానికన్నా ఎట్లా విరిగిందో చెప్పేది బాగుంటుంది వినడానికి. గండం గడిచిన కథలాగా ఉంటుంది.

ఎడమవైపు నల్లమల కొండలు మాతోపాటే వస్తున్నాయి. మధ్యాహ్నం దాటిన ఎండలో నీలంగా, ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టున్నాయి. పొద్దున ఇవి ఉన్నాయా? ఉండే ఉంటాయి, నేను చూడలేదు. బస్సు నిండా ఆడవాళ్ళే. టికెట్టు లేకుండా తిరగొచ్చన్నప్పటినుంచి ఈ రోడ్డు మీద మగవాడికి సీటు దొరికితే అది పూర్వజన్మ పుణ్యం. నా పక్కన కూర్చున్నామె ఒళ్ళో కరివేపాకు కట్ట పెట్టుకుని నన్ను ఓరగా చూస్తోంది. నాలో నేను నవ్వుకుంటున్నానేమో. నవ్వుకుంటే ఏం? నిన్న ఈ వేళకు నేను నవ్వడం మర్చిపోయిన మనిషిని. నిన్న సాయంత్రం ఫోను చేసింది పిల్ల. నంద్యాలలో కొత్తగా పెట్టిన నీటి పరిశోధన కేంద్రంలో ఉద్యోగానికి వచ్చింది, కాలవల్లో, బోరుబావుల్లో నీళ్ళు పరీక్ష చేసే పని. ఇంటర్వ్యూకు ముందు కాగితాలు చూసే చోట ఆపేశారట. సర్టిఫికెట్లన్నీ పి. మహానందమ్మ అని ఉన్నాయి. పేపర్లలో మొదటి సగం మహానందమ్మ పేరు మీద ఉంది, తర్వాతి సగం లహరి పేరు మీద. ఈ లహరి ఎవరమ్మా అన్నారు. నేనే సార్. మరి మహానందమ్మ? నేనే సార్. ఇద్దరూ నేనే అంటే ఎట్లా కుదురుతుందమ్మా, ఇంకొకరి పేపర్లు నీవని చూపించడం దొంగతనం, ఉద్యోగం సంగతి తర్వాత, నువ్వు చదివిన చోటికీ పనిచేసిన చోటికీ రాయాల్సి వస్తుంది అన్నారట. అట్లా రాస్తే దాని పేపర్లన్నీ, విషం చేరినవీ విరిగినవీ అన్నీ, ఒక్కసారే నీళ్ళలో కలిసిపోతాయి. దాని మాటల్లో ఏది నిజమో అని లోకమంతా చూస్తుంది.

"పేరు మార్పించింది ఎవరో ఆ మనిషిని తీసుకురమ్మన్నారు జేజినాయనా. రేపు నువ్వు రావల్ల."

"వస్తా లేమ్మా."

"వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పల్ల."

"చెప్తా."

ఫోను పెట్టేయబోయి ఆగింది. తర్వాత మెల్లగా, "ఉన్నది ఉన్నట్టే, జేజినాయనా" అంది. రెండోసారి చెప్పడంలోనే ఉంది దాని భయమంతా. ఆ పిల్లను నేను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెంచాను. కె.సి. కాలవలో మొసలి పెళ్ళివాళ్ళ సన్నాయి మింగింది, అప్పటినుంచి అది ఊపిరి తీస్తే చాలు కల్యాణి రాగం, మేళగాళ్ళకు దుడ్లు ఇవ్వలేనోళ్ళంతా కాలవ గట్టునే పెళ్ళిళ్ళు చేసుకున్నారు అని చెప్పి దానికి అన్నం తినిపించాను. ఆ ఏడు ఎండలకు సెనక్కాయలు నేలలోనే వేగిపోయాయి, పీకి ఉప్పు చల్లుకుని తిన్నాం అని చెప్పి నిద్రపుచ్చాను. అవన్నీ తాగి పెరిగిన పిల్ల, పెద్దదై, ఒక్క అంకె తప్పు రాయడానికి భయపడే పనిలో చేరింది. నా నోటి నుంచి పారిపోయి అటు పోయిందేమో అని కమలాక్షమ్మ ఎగతాళి చేస్తుంది. ఏమో, అయ్యుండొచ్చు. ఇప్పుడు దాని బతుకు తిరిగొచ్చి నా నోటి మీదనే నిలబడింది.

శిరివెళ్ళ దగ్గర బస్సు ఆగింది. ఎవరో నీళ్ళ ప్యాకెట్లు అమ్ముతున్నారు, నీళ్ళు చూస్తే మహీధర్ గుర్తొస్తాడు, ఎందుకంటే పిల్లకన్నా ముందు మా ఇంట్లో సముద్రం చూసినవాడు వాడొక్కడే. బియ్యం లారీతో పాటు బందరు పోయి వచ్చాడు. పంచె అంచుకు తెల్లగా ఉప్పు కట్టి ఉంది. ఎట్లుందిరా అని అడిగాను. పెద్దది నాయనా అన్నాడు. అంతేనా? నేను పోయి ఉంటే ఆరు నెలలు చెప్పేవాణ్ణి. అలలు ఎట్లుంటాయిరా? వస్తానే ఉంటాయి నాయనా, పోతానే ఉంటాయి, అలిసిపోవు అన్నాడు. నా కడుపున పుట్టినవాడికి నా నోరు రాలేదు, వాళ్ళమ్మ నోరు వచ్చింది, ఉన్నంతే చెప్పేవాడు. ఆ నెలలోనే పిల్ల పుట్టింది. లహరి అని పెడతా అన్నాడు. సముద్రం లేని ఊర్లో అలలు యాడివిరా అని నేను నవ్వాను. వాడు నవ్వలేదు. ఆ పేరు చెప్పేటప్పుడు వాడి చెయ్యి కొంచెం పైకి లేచి కిందికి దిగేది, అల వచ్చి పోయినట్టు. అది వాడు చేసిన ఒకే ఒక్క అలంకారం. దాన్ని నేను మర్చిపోలేదు. ఇప్పుడు కూడా ఈ కిటికీ చువ్వ మీద నా చెయ్యి అట్లానే లేచింది, కరివేపాకామె మళ్ళీ చూసింది.

అయిదో తరగతిలో ఉండగా పిల్లకు జ్వరం వచ్చి ఎవరినీ గుర్తుపట్టలేదు. డాక్టర్లు చూస్తాం అన్నారు, చూస్తాం అనే మాట ఎంత పెద్దదో ఆ వారమే తెలిసింది నాకు. కమలాక్షమ్మ మహానందికి మొక్కుకుంది, లేచి కూర్చుంటే తలనీలాలిచ్చి నీ పేరే పెట్టుకుంటాం స్వామీ అని. లేచింది. పెరుగన్నం అడిగింది. గుండు కొట్టించి, పేరు మార్చడానికి బడికి పోయింది నేనే, సంతకం పెట్టింది నేనే. మా చుట్టుపక్కల ఈ మొక్కు లేని ఇల్లు లేదు. మా వీధిలో నిలబడి మహానందీ అని ఒక్క కేక వేస్తే నాలుగు ఇళ్ళలోంచి నలుగురు ఆడవాళ్ళూ ఇద్దరు మగవాళ్ళూ బయటికొస్తారు, ఒక ఎద్దు కూడా తలెత్తి చూస్తుంది. ఎద్దు సంగతి కూడా నిజమే, ఈసారి నమ్మండి. మహీధర్ కాదనలేదు. దేవుడిచ్చిన బిడ్డకు దేవుడి పేరు, ఏమంటాడు? కానీ ఇంట్లో లహరీ అనే పిలిచేవాడు. ఒకే గుమ్మంలో నిలబడి తల్లి కమలాక్షమ్మ మహానందీ అని, కొడుకు లహరీ అని పిలిస్తే పిల్ల రెంటికీ పలికేది. రెండు పేర్లతో పలికే మనిషి ఎక్కడైనా ఉంటుందా అని నంద్యాల సార్లు అడిగారు. మా ఇంటికి రమ్మనండి సార్, మాకు అదే అలవాటు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు డోన్ దగ్గర లారీ. దాన్ని గురించి నేను ఎక్కువ అనుకోను, అనుకున్నా అక్కడే ఆగుతాను. ఆ రోజు ఇంటికొచ్చి కమలాక్షమ్మకు చెప్పాలి. ఆమె అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. దారిపొడవునా ఎట్లా చెప్పాలా అని వెతికాను, నా నోట్లో ఎన్ని మాటలుండేవి, ఒక్కటీ రాలేదు. "మనోడు లేడే" అన్నాను. ఆమె గింజ తీసిన చెయ్యి అట్లానే పట్టుకుని నా మొహం చూసింది. "తర్వాత?" అంది. నేను ఏది చెప్పినా తర్వాత ఏదో ఒకటి ఉంటుంది గదా, మొసలి వస్తుంది, పెళ్ళి జరుగుతుంది, ఎవరో నవ్వుతారు. దానికోసం ఎదురుచూసింది పాపం, ఆ గింజను వేళ్ళ మధ్య పట్టుకునే ఎదురుచూసింది. నా దగ్గర తర్వాత లేదు. అప్పటినుంచీ నేను పొట్టిగా ఏదన్నా చెప్తే ఆమె చేతిలో ఉన్నది ఎక్కడ పడితే అక్కడ జారిపోతుంది. కరెంటు పోయిందే అన్నా ఉలిక్కిపడుతుంది. అందుకని కరెంటు పోయిన సంగతి కూడా నేను కొంచెం పొడిగించే చెప్తాను, తీగ మీద రెండు కాకులు పోట్లాడుకున్నాయనో ఏదో ఒకటి.

పిల్ల పేపర్లు మధ్యలో ఆగింది అప్పుడే. ఎన్నాళ్ళకో మళ్ళీ ఒకటి అచ్చయింది, ఫోను తెచ్చి చూపించింది. నాకు ఇంగ్లీషు రాదు గానీ పిల్ల పేరు ఎట్లుంటుందో గుర్తు, ఆ చోట వేరే ఆకారం ఉంది. లహరి అని రాశానన్నది. కమలాక్షమ్మ మొహం మాడ్చుకుంది, మహానంది పేరేమైందే, మొక్కుకున్న పేరు అని. అప్పుడు పిల్ల అన్న మాట నిన్న రాత్రంతా నా చెవుల్లో తిరిగింది. "నువ్వు పెట్టిన పేరు సర్టిఫికెట్ల నిండా ఉండాది జేజీ. నాయన పెట్టిన పేరు యాడుండాది చెప్పు?" కమలాక్షమ్మ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. లేచి లోపలికి పోయి పిల్లకు నెయ్యి ఎక్కువేసి అన్నం కలిపింది. అట్లా వచ్చింది ఈ చిక్కంతా. ఏ కాగితానికీ చెప్పకుండా, గెజిట్టూ అఫిడవిట్టూ ఏమీ లేకుండా, వాళ్ళ నాయన కోసం పేరు మార్చుకుని రాసుకుంటూ పోయింది. ఒక్క అంకెకు వందసార్లు సరిచూసుకునే పిల్ల, తన పేరు దగ్గర ఏ లెక్కా చూసుకోలేదు.

పొద్దున నంద్యాలలో ఆ సార్ల గదిలో చల్లమిషను ఎంత చల్లగా ఉందంటే, ఏదో చెప్పబోయాను, వద్దులే, చల్లగా ఉంది. బల్లకు అటువైపు అద్దాల మేడమ్ ఒకామె, పెద్ద ఆమెనే. ఆమె పక్కన రాజరత్నం సారట, నిన్న అనుమానపడింది ఆయన. గోడకు ఆనుకుని ఫైళ్ళు పట్టుకుని సూపరింటెండెంటు ఒకడు నిలబడి ఉన్నాడు. వాడు నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను. వాడి మీసం కొత్తది గానీ చెవులు పాతవే. ఇస్సాకు! రుద్రవరం నుంచి వచ్చి ఆళ్ళగడ్డలో ఇంటర్ చదివేటప్పుడు మా టీ బల్ల దగ్గర మకాం వేసిన ఇస్సాకు. వాడు నోరు మూసుకుని ఉంటే బాగుండు అనుకున్నాను, వాడి నోరు అప్పటికే తెరుచుకుంది.

"అయ్యో సార్, ఈయప్పనా సాక్షి! సార్, ఈయప్ప మాట పట్టుకొని కాలవ గట్టున మొసలి సన్నాయి వింటామని పొద్దుగూకే దాకా కూసున్నోళ్ళం సార్ మేము!"

మేడమ్ నవ్వింది. రాజరత్నం సారు నవ్వలేదు. పిల్ల తల దించుకుంది, దాని పాపిట కనబడింది, చిన్నప్పుడు గుండు కొట్టించిన తల. నా పెదవులు మొద్దుబారాయి, నిజంగా, ఆల్చిప్ప తిన్నవాడికి అయినట్టే. "చెప్పండి పెద్దాయనా" అంది మేడమ్. మాట వెతుక్కుంటుంటే మొసలి వచ్చింది. రాదా మరి, దానికి నా నోరు పుట్టిల్లు. జ్వరంలో పిల్ల మంచం చుట్టూ నంది ఎద్దు తిరిగిందని చెప్పొచ్చు. బడి రిజిస్టరులో పాత పేరు దానంతటదే చెరిగిపోయిందని చెప్పొచ్చు. ఎంత బాగుంటుంది, గదంతా వింటుంది, చల్లమిషను కూడా చప్పుడు ఆపి వింటుంది. నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల పాపిట చూశాను. మహీధర్ గుర్తొచ్చాడు, పెద్దది నాయనా అన్నవాడు. వాడే ఈ గదిలోకి వచ్చి ఉంటే ఎట్లా చెప్పేవాడో అట్లా చెప్పాను.

"లహరి అని పెట్టింది నా కొడుకు సార్. జ్వరమొచ్చి లేస్తే మొక్కు కోసరం మహానందమ్మ అని మార్పించింది నేను. నడుమ నా కొడుకు పోయినాడు. అప్పటి నుంచి మల్ల వాడు పెట్టిన పేరు రాసుకుంటాండాది."

అంతే. ఇంకేమన్నా ఉందేమో అని వాళ్ళు చూశారు. నేనూ చూశాను. లేదు. రాజరత్నం సారు కాగితాలు తిరగేసి, పేపర్లు ఆగిన చోట వేలు పెట్టి, "ఎప్పుడు పోయినాడు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన ఆ తేదీని పేపర్ల తేదీలతో సరిచూసుకున్నాడు. తర్వాత ఇస్సాకు వైపు తిరిగి, "ఏమయ్యా, నీకు తెలిసిన మనిషే గదా. ఈయన మాట నమ్మొచ్చా?" అన్నాడు. ఇస్సాకు ఫైళ్ళు బల్ల మీద పెట్టాడు. వాడి మొహంలో నవ్వు లేదు.

"ఇది నమ్మొచ్చు సార్. ఈయప్ప అబద్ధం చెప్తే ఇంతలో అయిపోదు. ఈపాటికి మొసలి వచ్చేది."

ఇప్పుడు రాజరత్నం సారు కూడా నవ్వాడు. నవ్వి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. నడుమ అన్నాళ్ళు ఏమీ లేకపోయేసరికి ఒక మనిషి ఆగిపోయి ఇంకో మనిషి మొదలైందనుకున్నానమ్మా అని పిల్లతో అన్నాడు. ఒక రకంగా నిజమే సార్ అంది పిల్ల. మేడమ్ నేను చెప్పింది రాయించి నా చేత సంతకం పెట్టించింది, నోటరీ కాగితం వారంలో తెచ్చివ్వమంది, పేపర్లన్నీ ఒక్క మనిషివే అని ముందున్న కాగితం మీద రాసింది. మహానందమ్మ, ఆ పక్కనే లహరి, రెండూ ఒకే వరసలో. ఇన్నేళ్ళకు మా ఇంటి తల్లీకొడుకుల పిలుపులు రెండూ ఒక గుమ్మంలో నిలబడ్డాయి.

బయట వరండాలో పిల్ల నాకు నీళ్ళ బాటిలిచ్చింది. నేను తాగుతుంటే నన్నే చూస్తూ, "నిజం చెప్పు జేజినాయనా, వచ్చిందా మొసలి?" అని అడిగింది. వచ్చి తలుపు కాడ నిలబడుకోనుండె, నేనే పొమ్మంటి అన్నాను. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వి, నవ్వు కోసం వచ్చిన నీళ్ళు కాస్తా ఇంకోరకం నీళ్ళై, నా భుజం మీద తల పెట్టింది. మధ్యాహ్నం ఇంటర్వ్యూ ఉంది. ఉద్యోగం వస్తుందో రాదో, ఇంకా చాలామంది ఉన్నారట, వాళ్ళకూ పేపర్లున్నాయట. రాకపోతే ఇంకో చోట చూసుకుంటుంది, దాని రాతలు దానివి అయ్యాక ఎక్కడైనా చూసుకోవచ్చు. జేజికి ఫోను చేస్తా అంది. చేయొద్దన్నాను. ఆమె కంగారు పడతాది జేజినాయనా అంది. ఒక గంట పడనీలే, ఇది నేను పోయి చెప్పల్ల అన్నాను. ఇంత పెద్ద సంగతి ఫోనులో చెప్తారా ఎవరైనా?

చెప్పల్ల అన్నాను గానీ ఎట్లా చెప్పాలి? రోడ్డు పక్క శిల్పుల షెడ్లు మొదలయ్యాయి, ఆళ్ళగడ్డ వచ్చేసినట్టే. సగం చెక్కిన నంది ఒకటి, మొహం వచ్చింది, ఒళ్ళింకా రాయిలోనే ఉంది, దుమ్ము తెల్లగా లేస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పనా? పిల్ల గండం గడిచిందే అని. ఆ మాట ఎంత పొట్టిగా ఉంది! గడప దగ్గర ఆ మాట అంటే కమలాక్షమ్మ చివరి అక్షరం దాకా వినదు, పొట్టిమాట వస్తోందని తెలిసిన క్షణాననే ఆమె పై ప్రాణాలు పైనే పోతాయి. మెల్లగా, పొడుగ్గా చెప్పనా? అప్పుడు నిజం ఎక్కడుందో ఆమెకెట్లా తెలుస్తుంది?

"ఏం పెద్దాయనా, నీలో నువ్వే నగతాండావు?" కరివేపాకామె అడిగేసింది, ఇక ఆగలేక.

"మా మనవరాలు సముద్రాన్ని గెలిచిందమ్మా."

"సముద్రాన్నా? యాడ?"

"నంద్యాల్లో."

ఆమె ఒక్క క్షణం నా మొహం చూసి, నవ్వి, కట్టలోంచి నాలుగు రెబ్బలు తుంచి నా చేతిలో పెట్టింది. ఎందుకు ఇచ్చిందో నాకు తెలియదు. వాసన చూసుకుంటూ బస్సు దిగాను. నడక నాది, మోకాళ్ళు నావి, ఎండ కూడా నాదే అన్నట్టు నడిచాను. మా వీధి మలుపులోనే కనబడింది కమలాక్షమ్మ. అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, చాటలో కందులున్నాయి, చేతులు కందుల్లో ఉన్నాయి గానీ ఏరడం లేదు. పొద్దున నేను పోయేటప్పుడు కూడా అట్లానే కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. నా కాళ్ళ వైపు చూడలేదు, నా చేతిలో కరివేపాకు చూడలేదు. నా నోటి వైపే చూస్తోంది. రెండు చేతులతో చాటను గట్టిగా పట్టుకుంది, జారకుండా. ఏమైందప్పా అని కూడా అడగలేదు. ఆమె పెదవులు కొంచెం తెరుచుకున్నాయి, ఆ చింతపండు రోజున తెరుచుకున్నట్టే.

అరుగు అంచున కూర్చున్నాను. కండువాతో మొహం తుడుచుకున్నాను.

"ఏం చెప్పమంటావు కమలాచ్చీ, ఆ సార్ల గదిలోకి పోతానే, కుర్చీ కింద ఏందో కదిలినట్టాయ. ఏందబ్బా అని వంగి చూస్తును గదా, మన కె.సి. కాలవ మొసలి! మెడకు టై కట్టుకొని..."

ఆమె ఊపిరి వదిలింది. ఎంతసేపటినుంచి బిగపట్టిందో, ఆ గాలికి చాటలో పొట్టు లేచింది. చేతులు చాట మీదనుంచి వదులయ్యాయి. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, ఒత్తుకుంటూనే నవ్వింది, నవ్వుతూనే లేచి నా చేతిలో కరివేపాకు తీసుకుంది.

"కాళ్ళు కడుక్కో పో, అన్నం పెడతా. పొద్దున్నుంచి నేనూ తినలేదు" అంటూ లోపలికి పోయింది.

ఆ మొసలి ఇంకా కుర్చీ కింది నుంచి తోక కూడా బయటపెట్టలేదు.